యోరుబా దేవతల్ని మొదటిసారి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎలా వెళ్ళాలి

బెంగళూరులో కాలేజీలోనో ఆఫీసులోనో నైజీరియా వాళ్ళెవరైనా పరిచయమైనప్పుడు, లేదా ఎక్కడో నైరుతి నైజీరియాలోని యోరుబా జాతి దేవతలు షాంగో, ఓషున్ పేర్లు చెవిన పడ్డప్పుడు వీళ్ళెవరో చూద్దాం అనిపిస్తుంది కదా, నెట్‌లో వెతికితే "షాంగో ఉరుము, ఓగున్ ఇనుము, ఓషున్ ప్రేమ" అని ఒక లిస్టు వస్తుంది, చదివేసి తెలిసిపోయింది అనుకుంటాం. దయచేసి అలా చెయ్యకండి. మన పోలేరమ్మని ఎవరైనా "మశూచి దేవత" అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తే మనకెలా ఉంటుంది? పొలిమేర, జాతర, వేపాకు, ఊరంతా కలిసి మొక్కడం, ఏదీ అందులోకి రాదు. వాళ్ళ దేవతలకీ అదే అన్యాయం జరుగుతోంది, నాకు చాలా బాధగా ఉంటుంది అది చూస్తే.

నేను చెప్పే పద్ధతి ఇది. ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఒక్కో దేవతకి ఒక పేజీ. పేజీలో ఏ ఊరు లేదా ఏ నది, ఏం పని చేస్తారు, ఏం పెడతారు, ఏది నిషేధం, ఎవరితో చుట్టరికం, ఇవి రాయండి. కింద "మన దగ్గర ఎవరిలా ఉన్నారు" అని ఒక లైను, దాని కిందే "ఆ పోలిక ఎక్కడ తెగిపోతోంది" అని ఇంకో లైను. ఈ చివరి లైను ఖాళీగా ఉంటే ఆ దేవత మీకింకా తెలియనట్టే. మనకి చాలామంది దేవుళ్ళు, నది అంటే తల్లి, ఊరికో అమ్మవారు, ఇవన్నీ అలవాటే కాబట్టి లోపలికి తొందరగా వెళ్ళిపోతాం, కానీ ఆ అలవాటే మనల్ని గుమ్మం దగ్గర ఆపేస్తుంది, "ఓ మన ఇంద్రుడే" అనేసి వెనక్కి వచ్చేస్తాం.

మొదటి పేజీ ఒలోడుమారేకి ఇవ్వండి, ఒలోరున్ అని కూడా అంటారు. అందరికీ పైన ఉన్న సృష్టికర్త. గుడి లేదు, విగ్రహం లేదు, పూజారులు లేరు, వెతక్కండి. మనుషులు రోజూ వ్యవహరించేది ఒరిషాలతో, అంటే దేవతలతో. వాళ్ళ సంఖ్య 401 అని సంప్రదాయంలో చెప్తారు, ఆ చివరి ఒకటి ఇంకొకరికి ఎప్పుడూ చోటుంటుంది అన్నట్టు ఉంటుంది. అందరినీ బట్టీ పట్టే పని పెట్టుకోకండి, ఎనిమిది తొమ్మిది మందితో మొదలెడితే చాలు. యోరుబా ఊర్లన్నీ నైరుతి నైజీరియాలోనూ పక్కన బెనిన్, టోగోలోనూ ఉంటాయి, మ్యాప్ తెరిచి ఇలే-ఇఫే, ఒయో, ఒషోగ్బో ఈ మూడూ గుర్తు పెట్టుకోండి.

రెండో పేజీ ఎషుది. ఆయన్ని దాటి ఎవరి దగ్గరికీ వెళ్ళలేరు, అర్పించింది దేవతలకి మోసుకెళ్ళేది ఆయనే, అందుకే ముందు ఆయన వాటా పెడతారు. ఇక్కడ మనకి వినాయకుడు గుర్తొస్తాడు, నిజమే, కానీ పోలిక ఇక్కడే తెగిపోతుంది, ఎషు విఘ్నాలు తీసేవాడే కాదు, కావాలని తగాదా పెట్టేవాడు కూడా. కూడలిలో ఉంటాడు, సంతలో ఉంటాడు. ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు ఉన్న టోపీ పెట్టుకుని ఇద్దరు స్నేహితుల పొలాల మధ్య నడిచి వెళ్తాడు, నువ్వు చూసింది తప్పంటే నువ్వు చూసింది తప్పని వాళ్ళు కొట్టుకుంటారు, ఈ కథ తప్పకుండా రాసుకోండి. మిషనరీలు ఈయన్ని సైతాను అన్నారు, ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. మీ పేజీలో ఆ మాట రానివ్వకండి.

తర్వాత ఒబాతాలా. తెల్లబట్టలు, చల్లటి స్వభావం, మనిషి ఒంటిని మట్టితో మలిచేది ఆయన. భూమిని చేసే పని కూడా ముందు ఆయనకే అప్పజెప్పారట, దారిలో కల్లు తాగి నిద్రపోతే ఒడుదువా అనే ఇంకో ఒరిషా ఆయనకిచ్చిన మట్టీ కోడీ తీసుకుని దిగి, నీళ్ళ మీద మట్టి పోసి కోడితో గీకించి నేలని పరిచాడు, ఆ చోటే ఇలే-ఇఫే అంటారు. ఒబాతాలా భక్తులు కల్లు ముట్టరు. అంగవైకల్యంతో పుట్టినవాళ్ళు ఒబాతాలా మనుషులు, వాళ్ళని ఎగతాళి చెయ్యకూడదు అనే నియమం ఉంది, నాకు ఈ మతంలో బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

ఓగున్ పేజీకి బెంగళూరులో ఉన్నవాళ్ళకి కష్టమే ఉండదు. ఆయుధ పూజ రోజు బయటికి రండి, బస్సులకి అరటి పిలకలు, ఆటోలకి బంతిపూలు, చక్రం కింద నిమ్మకాయ, గుమ్మడికాయ కొట్టి వదిలిన రోడ్డు. ఓగున్ ఇనుముకి దేవుడు, కమ్మరి, వేటగాడు, సైనికుడు, ఇవాళ లారీ డ్రైవరు, మెకానిక్కు కూడా ఆయన మనుషులే. దేవతలు భూమ్మీదకి వచ్చినప్పుడు దట్టమైన అడవి అడ్డం వస్తే మిగతావాళ్ళ పనిముట్లు పనికిరాలేదు, ఓగున్ ఇనుప కత్తే దారి చేసింది. నైజీరియా కోర్టుల్లో బైబిలూ ఖురానూ కాకుండా ఇనుప ముక్క మీద ప్రమాణం చేసేవాళ్ళు ఉన్నారు అంటే అర్థం చేసుకోండి. కానీ మనం పనిముట్టుని పూజించి ఆ ఏడాది బాగుండాలని కోరుకుంటాం, అక్కడ ఇనుముకి ఉన్న రెండో మొహం కూడా చూస్తారు. ఇరే అనే ఊళ్ళో ఓగున్ వచ్చేసరికి జనం మౌనవ్రతంలో ఉండి పలకరించలేదు, కల్లు కుండలు చూస్తే ఖాళీ, కోపంతో తన సొంత జనాన్నే నరికేశాడు, తర్వాత తెలిసి కుమిలిపోయి భూమిలోకి దిగిపోయాడు. దారి వేసే కత్తీ ఇంటివాళ్ళని నరికే కత్తీ ఒకటే. ఈ కథ లేకుండా "ఇనుము దేవుడు" అని రాస్తే ఏం రాసినట్టు?

షాంగో, ఓయా, ఓషున్ ముగ్గురినీ కలిపి చదవండి, విడిగా చదివితే రుచి ఉండదు. షాంగో ఒయో రాజ్యానికి రాజుగా ఉండి తర్వాత దేవుడైనవాడు, పిడుగు ఆయన చేతి రాయి, గుర్తు రెండు వైపులా పదునున్న గొడ్డలి, వాయిద్యం బాతా డప్పు. పొలం దున్నుతుంటే దొరికే పాతకాలపు రాతి గొడ్డళ్ళే పిడుగురాళ్ళు అని నమ్మి ఆయన పూజలో పెడతారు. ఓయా ఆయన భార్య, గాలి ఆవిడది, నైజర్ నది ఆవిడది. ఏప్రిల్‌లో మన బెంగళూరులో వాన పడే ముందు దుమ్ము లేపి చెట్ల కొమ్మలు విరిచేసే గాలి వస్తుంది చూడండి, ఉరుముకి ముందు నడిచే ఓయా అచ్చం అలాగే. ఇంకో భార్య ఒబా, మొగుడి ప్రేమ కోసం సవతి మాట నమ్మి తన చెవి కోసి కూరలో వేసిందని కథ.

ఓషున్ కూడా షాంగో భార్యే, ఆవిడ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఒషోగ్బో ఊరు పక్కనే ఆవిడ నది, నది ఒడ్డున సుమారు 75 హెక్టార్ల పవిత్ర వనం, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పాడైపోతున్న ఆ గుళ్ళని అక్కడి కళాకారులతో కలిసి మళ్ళీ నిలబెట్టింది ఆస్ట్రియా నుంచి వచ్చి అక్కడే పూజారిణిగా ఉండిపోయిన సుజాన్ వెంగర్, 2009లో చనిపోయారు. ప్రతి ఆగస్టులో జరిగే పండగలో రాజవంశానికి చెందిన పెళ్ళికాని అమ్మాయి తల మీద సొరబుర్ర మోసుకుని నదికి వెళ్తుంది, ఆమెని అరుగ్బా అంటారు. చైత్ర పౌర్ణమి రాత్రి మన ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయల్దేరడం చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది ఇది చదివితే. తేడా ఏంటంటే కరగ మోసేది స్త్రీ వేషంలో ఉన్న పూజారి, తల మీద ఉన్నది ద్రౌపదీదేవి శక్తే, అరుగ్బా మోసేది ఊరు తరఫున నదికి ఇచ్చే కానుక, ఊరు కట్టినప్పుడు నదితో చేసుకున్న ఒప్పందం ఏటేటా నిలబెట్టుకోవడం.

షొపోనా మశూచి దేవుడు, పేరు పైకి పలకడానికి భయపడి ఒబాలుఆయే అంటారు, మన "అమ్మవారు పోసింది" అనే భయభక్తి లాంటిదే, కాకపోతే ఇక్కడ తల్లి, అక్కడ మగ దేవుడు. 1980లో మశూచి లోకంలోనే లేదని ప్రకటించారు, దేవుడు మాత్రం ఉన్నాడు. యెమోజా తల్లి దేవత, ఆవిడ నది పేరు కూడా ఓగున్ అనే వినపడుతుంది కానీ ఇనుము దేవుడికీ ఆ నదికీ సంబంధం లేదు, పలికే స్వరం వేరు, కలిపెయ్యకండి. కవలలకీ ఒక ఒరిషా ఉంది, ఇబెజీ. ముందు పుట్టిన తైవో చిన్నవాడు, లోకం ఎలా ఉందో చూసి రమ్మని అతన్ని పంపించిన కెహిందే పెద్దవాడు.

ఒరున్మిలాని చివర్లో పెట్టుకోండి, కష్టం కాబట్టి. ఇఫా జోస్యానికి ఆయన అధిపతి. బాబలావో, అంటే ఇఫా పూజారి, 16 తాటిజాతి గింజల్ని ఒక చేతిలోంచి ఇంకో చేతికి లాక్కుంటాడు, రెండు మిగిలితే పళ్ళెంలోని పొడి మీద ఒక గీత, ఒకటి మిగిలితే రెండు గీతలు, అలా ఎనిమిది సార్లు, అంటే మొత్తం 256 రూపాలు. ఈ లెక్క సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే ఎక్కుతుంది. కానీ అసలు విద్య లెక్కలో లేదు, ఒక్కో రూపానికి బోలెడు పద్యాలు కంఠస్థం ఉండాలి, ఆయన చదువుతుంటే వచ్చిన మనిషి తన కథ ఎక్కడుందో పట్టుకోవాలి. దీన్ని కూడా 2005లోనే యునెస్కో గుర్తించింది. దీంతోపాటే ఒరి, అంటే తల, గురించి రాసుకోండి. మన తలరాత బ్రహ్మ రాసేస్తాడు, అక్కడ పుట్టబోయే మనిషే అజాలా అనే కుమ్మరి దగ్గర తన తలని ఎంచుకుంటాడు, కొన్ని సరిగ్గా కాలి ఉండవు. తన ఒరి ఒప్పుకోనిదే ఏ దేవతా ఏమీ ఇవ్వలేదు అంటారు.

క్యూబా, బ్రెజిల్ సంగతులు వేరే రంగు పెన్నుతో రాయండి. బానిసలుగా పట్టుకుపోయిన జనం ఈ దేవతల్ని అక్కడ కాథలిక్ సెయింట్ల వెనక దాచి బతికించుకున్నారు, క్యూబాలో షాంగో సాంటా బార్బరా అయ్యాడు, నది తల్లి యెమోజా బ్రెజిల్‌లో సముద్రం తల్లి అయింది, సాల్వడోర్‌లో ఫిబ్రవరి 2న పడవల్లో పూలు తీసుకెళ్ళి వదుల్తారు. నెట్‌లో దొరికే సమాచారం చాలావరకు ఆ వైపుది, ఒషోగ్బోలో అలాగే ఉంటుంది అనుకోవద్దు.

పరిచయమున్న యోరుబా వాళ్ళని "మీరు ఏ ఒరిషాని కొలుస్తారు" అని మొదటి మాటగా అడగకండి, ఇవాళ వాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులో ముస్లింలో, కొందరికి ఆ ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది. ఇంటిపేరు ఓగున్ అనో ఇఫా అనో మొదలైతే పూర్వీకులు ఆ దేవుడి వాళ్ళు అయ్యుండొచ్చు, మీ ఊరేది, మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పండగలు ఎలా జరిగేవి అని అడగండి, వాళ్ళకి చెప్పాలనిపిస్తే మిగతాది వాళ్ళే చెప్తారు.