ఎండల్లో ఆవు నెమరు తగ్గి పేడ పలచబడితే: నా అనుభవం

రోజుకు 12 లీటర్లిచ్చే జెర్సీ సంకరజాతి ఆవు ఏప్రిల్‌లో నెమరు తగ్గించింది. పేడ నురగగా, అరగని మొక్కజొన్న నూకతో పడేది. పాలలో వెన్న 4 శాతం నుంచి 3.2కు దిగింది. నట్టల మందు, ఆకలి పొడి, దాణా పెంచడం ఏవీ పనిచేయలేదు. దాణా పెంచాక ఇంకా ముదిరింది.

ఎండకు రొప్పే ఆవుకు చొంగ బయటికే కారిపోతుంది, దాణా వల్ల పొట్టలో పుట్టే పులుపును విరిచే లాలాజలం లోపలికి చేరదు. అసలు చిక్కు అదే.

ముందు 6 కిలోల దాణాను 5కు తగ్గించి, రెండు పూటలది నాలుగు సార్లుగా విడగొట్టాను. ప్రతిసారీ మొదట జొన్న చొప్ప, అరగంట తర్వాతే దాణా. చొప్ప ముక్క అంగుళం, అంగుళంన్నర ఉండాలి. మరీ సన్నగా కొడితే నెమరు రాదు. మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, రాత్రి 8 తర్వాత వేశాను. తర్వాత ఆ పులుపును విరవడానికి తినే సోడా (వంట సోడా): మొదటి మూడు రోజులు పూటకు 25 గ్రాములు, ఆపైన 50, ఉదయం సాయంత్రం తడిపిన దాణాలో కలిపి. తాగే నీళ్లలో కలపకండి, రుచి నచ్చక నీళ్లే మానేస్తుంది. ఉప్పు రోజుకు 30 గ్రాములు, నీడలో రోజంతా నీళ్లు.

ఐదో రోజుకు నెమరు, రెండు వారాలకు వెన్న కోలుకున్నాయి. అన్నీ కలిపి చేశాను కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. దాణా తక్కువగా తినే నాటు ఆవులకు ఇంత సోడా అవసరం పడకపోవచ్చు. జ్వరం ఉన్నా, ఎడమ డొక్క ఉబ్బినా, మేత పూర్తిగా మానేసినా ఇవేవీ చేయకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.