మొండోడు అంటే సరిపోదు, మొండి అంటే ఏటో రాబట్టాలి: స్టూడెంట్స్‌కి బిహేవియర్ ఇంటర్వ్యూ నేర్పే పద్ధతి

"మా గుంటడు మొండోడు బాబూ, సెప్పిన మాట ఇనడు." విజయనగరం, శ్రీకాకుళం సైడు ఏ ఇంట్లో కూర్చున్నా ఫస్ట్ వినపడే ముక్క ఇదే. పిల్లాడి ప్రవర్తన గురించి ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకోడమే బిహేవియర్ ఇంటర్వ్యూ, దానికి వెళ్లిన మన సైకాలజీ స్టూడెంట్ గానీ స్పెషల్ బీఈడీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్ల కోర్సు) స్టూడెంట్ గానీ దాన్నే షీట్‌లో "మొండితనం" అని రాసేసుకుని టీ తాగి వచ్చేస్తారు. నేను నేర్పిన మొదటి బ్యాచ్ అచ్చం అలాగే చేసింది, తప్పు వాళ్లది కాదు నాదే, రెండు క్లాసులు పీపీటీ చూపించేసి గజపతినగరం దగ్గర ఊరికి పంపించేశా, ఒక్కొక్కరూ రెండేసి లైన్లు రాసుకొచ్చారు.

అందుకే ఇప్పుడు ఏం రాబట్టాలో ముందే కాగితం మీద పెట్టి ఇస్తున్నా. పిల్లాడు సరిగ్గా ఏం చేశాడు, దానికి ముందు ఏం జరిగింది, చేసిన వెంటనే ఇంట్లోవాళ్లు ఏం చేశారు, ఈ మూడే అసలు సరుకు. తర్వాత రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరున్నప్పుడు, ఏ టైంలో అస్సలు చెయ్యడు. ఈ చివరిది అందరూ మర్చిపోతారు, కానీ చెయ్యని టైం తెలిస్తే సగం కేసు తెలిసినట్టే. ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి, 1985లో మిల్టెన్‌బర్గర్, ఫుక్వా అని అమెరికాలో ఇద్దరు ఇదే ఇంటర్వ్యూ స్కిల్ నేర్పి చూశారు, బాగా రాసిన మాన్యువల్‌తో కూడా స్టూడెంట్స్ నేర్చుకోగలిగారు.

రెండోది, మీరే చేసి చూపించాలి. కొలీగ్‌ని మామ్మగా కూర్చోబెట్టి నేను ఇలా చేస్తా.

"మామ్మా, మొండి అన్నారు కదా, నిన్న ఏం చేశాడో చెప్పండి."
"తలుపుకేసి తల కొట్టుకున్నాడమ్మా."
"అప్పుడు టైం ఎంత, వాడేం చేస్తున్నాడు?"
"దీపాలెట్టీ ఏళ, పుస్తకం తియ్యరా అన్నాను."
"కొట్టుకోగానే మీరేం చేశారు?"
"ఏటి సేత్తాను, భయమేసి ఫోన్ ఇచ్చీసినాను."

చూడండి, "ఎందుకు చేస్తాడు" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే "ఆళ్ల తాత పోలిక" అని వస్తుంది, అక్కడితో అయిపోయింది. ఇప్పుడు స్టూడెంట్ చేతికి రెండు అనుమానాలు దొరికాయి, చదువు తప్పించుకోడానికా, ఫోన్ కోసమా. మామూలుగా చూసే కారణాలు నాలుగు, ఎవరైనా తనవైపు చూడాలనా, ఆ పని చేస్తే తనకే బాగుంటుందా అనే మిగతా రెండూ కూడా అడిగి తీసెయ్యాలి. పుస్తకం మాట ఎత్తకుండా ఊరికే ఫోన్ లాక్కుంటే కొట్టుకుంటాడా అనేది నెక్స్ట్ ప్రశ్న.

తర్వాత స్టూడెంట్స్‌చేత చేయించడం, ఎక్కువ టైం దీనికే పెట్టండి. ముగ్గురేసి ఒక జట్టు, ఒకరు అడగాలి, ఒకరు అమ్మ, ఒకరు పక్కన చెక్‌లిస్ట్ పట్టుకుని టిక్కులు. అమ్మ వేషం వేసేవాళ్లకి చీటీ ఇవ్వండి, అడిగినదానికే చెప్పాలి, మొదట "రోజూ అంతే" అనాలి, మధ్యలో అత్తగారి మీద కంప్లైంట్‌లోకి వెళ్లిపోవాలి. ఫ్రెండ్ కదా అని అన్నీ ముందే చెప్పేస్తే ప్రాక్టీస్ వేస్ట్. పది నిమిషాలు అవ్వగానే అక్కడికక్కడే చెప్పండి, బాగా అడిగింది ముందు, వదిలేసింది తర్వాత, వదిలేసిన ప్రశ్న మళ్లీ అడిగించాలి, ఊరికే "ఇంప్రూవ్ అవ్వాలి" అంటే ఏం ఇంప్రూవ్ అవుతారు పాపం. నేనైతే చెక్‌లిస్ట్‌లో పది పాయింట్లకి తొమ్మిది, వరుసగా రెండుసార్లు వస్తేనే ఊళ్లోకి పంపుతా. ఇంకో టెస్ట్ కూడా ఉంది, షీటు చదివి ఆ పిల్లాణ్ని చూడనివాళ్లు యాక్ట్ చేసి చూపించాలి, "అల్లరి" అని రాసుంటే ఏం యాక్ట్ చేస్తారు?

ఊళ్లోకి వెళ్లాక, అత్తగారు పక్కనుంటే కోడలు నోరు విప్పదు, విడివిడిగా మాట్లాడాలి. తండ్రి పనికి హైదరాబాదో చెన్నయ్యో వెళ్లిపోయుంటే ఫోన్లో అతన్ని కాదు, రోజూ పిల్లాడితో ఉండే మనిషిని అడగాలి. రికార్డింగ్ అయితే ముందే పర్మిషన్. దెబ్బలు తగిలేలా కొట్టుకుంటుంటే స్టూడెంట్ సలహాలు ఇవ్వకూడదు, వెంటనే సూపర్వైజర్‌కి చెప్పి డాక్టర్‌కి చూపించాలి.

ఒక్క ఇంటర్వ్యూతో తేల్చెయ్యకండి, అది వాళ్ల జ్ఞాపకమే కదా. ఓ వారం రాసుకోమని షీట్ ఇవ్వాలి. రాయడం రాని మామ్మకి రెండు డబ్బాలు చాలు, పుస్తకం తియ్యమంటే తల కొట్టుకున్నప్పుడు ఒకదాన్లో చింతపిక్క, ఫోన్ లాక్కుంటే కొట్టుకున్నప్పుడు రెండోదాన్లో. వారం తర్వాత వెళ్లి పిక్కలు ఆవిడ చేతే లెక్కపెట్టించండి.