కౌంటర్ దగ్గర అడిగిన ప్రశ్నతో ఆన్‌లైన్ పాఠం చేయడం ఎలా?

లైబ్రరీ తరఫున నేను చేసిన మొదటి వీడియో పాఠం 42 నిమిషాలు. లైబ్రరీ వేళలు, కేటలాగులో వెతకడం, అరల మీది నంబర్లు, జెరాక్స్ రేటు, అన్నీ అందులో కుక్కేశాను. ప్లస్ త్రీ (డిగ్రీ) పిల్లలందరికీ లింకు పంపాను. వారం తర్వాత ఒకమ్మాయి కౌంటర్ దగ్గరికొచ్చి, "మేడమ్, మీ వీడియో చూశాను, చాలా బాగుంది. జెరాక్స్ పేజీ ఎంతండీ?" అని అడిగింది. ఆ రేటు ఆరో నిమిషంలోనే చెప్పాను!

ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో కాలేజీ లైబ్రరీ ఉద్యోగం నాది. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. కొండల మీద నుంచి వచ్చేవాళ్ళకు వీటన్నిటికంటే ముందు సొర (సవర) భాష. వీళ్ళకు పనికొచ్చే పాఠం కావాలంటే లైబ్రరీ గురించి చెప్పడం మానేసి, వాళ్ళు అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టాలని ఆ 42 నిమిషాల తర్వాత తెలిసింది.

అందుకని మొదట ఒక నోట్‌బుక్ కొనండి. నెల రోజులు కౌంటర్ దగ్గర పిల్లలు అడిగినవన్నీ వాళ్ళ మాటల్లోనే రాయండి. "రిఫరెన్స్ సేవల కోసం సంప్రదించారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. నా నోట్‌బుక్కులో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన వాక్యం ఇది: "మేడమ్, మన ఊరి గురించి నెట్‌లో ఏమీ లేదు."

కాశీనగర్ నుంచి వచ్చే ఒకమ్మాయి కూడా అదే అంది. ప్రాజెక్టు సవరల మీద, వందేళ్ళ కిందటి సంగతులు కావాలి. ఫోన్లో 'గజపతి జిల్లా సవరలు 1920' అని కొట్టి కూర్చుంది. నేను పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి నిలువుగా రెండు గీతలు గీసి మూడు గడులు చేశాను. మొదటి గడిలో, గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబర్ 2న. అంతకుముందు ఇదంతా గంజాం జిల్లా. రెండో గడిలో, ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, అంతకుముందు మనం మద్రాసు ప్రెసిడెన్సీ. మూడో గడిలో స్పెల్లింగులు. సవర, సొర, సౌర, ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. ఊరి పేరు ఇంకా ఘోరం. పర్లాకిమిడి, పర్లాకిమెడి, పరలాఖెముండి. కంప్యూటర్‌కు మన ఊరు తెలియదు, మనం కొట్టిన అక్షరాలే తెలుసు. ఆ అమ్మాయి 'మద్రాసు', 'గంజాం' అని మార్చి కొట్టేసరికి గెజిటీర్లు (జిల్లాల మీద సర్కారు వేసిన పుస్తకాలు), జనాభా లెక్కల రిపోర్టులు బయటపడ్డాయి.

ఆ క్యాలెండర్ కాగితమే నా రెండో పాఠం. నిడివి మూడు నిమిషాల పది సెకన్లు.

ఇలా కావలసింది వెతుక్కుని, సరిచూసుకుని వాడుకోవడాన్ని పుస్తకాల్లో సమాచార అక్షరాస్యత అంటారు. 1974లో పాల్ జుర్కౌస్కీ అనే అమెరికన్ ఈ మాట వాడాడు. అక్కడి కాలేజీ లైబ్రరీల సంఘం ఏసీఆర్‌ఎల్ 2016లో ఆమోదించిన చట్రంలో ఆరు అంశాలున్నాయి. ఆరూ ఒకే వీడియోలో పెట్టాలనే సరదా మనకు వస్తుంది, వద్దు. ఒక పాఠానికి ఒక పని చాలు. నా పాఠం చూశాక పిల్లవాడు ఒకే సంగతికి నాలుగు వెతుకుడు మాటలు రాయగలిగితే నా పని అయినట్టే.

రెండో పాఠం వెతకడం గురించి కదా, మూడోది నమ్మడం గురించి చేశాను. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలోనే పుట్టారని మా పిల్లలు ధైర్యంగా రాసేస్తారు. ఆయన పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చుకుని దాని మీద పనిచేసిందీ ఇక్కడే, నిజమే. పుట్టింది మాత్రం శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పాఠంలో నేను జవాబు ముందే చెప్పను. పేజీ తెరిచి, ఇది రాసిందెవరు, ఇదే మాట ఇంకెక్కడుంది, అసలు ఆధారం ఏది అని ఒక్కొక్కటే తెరమీద చేసి చూపిస్తాను. అమెరికన్ పరిశోధకుడు మైక్ కాల్‌ఫీల్డ్ చెప్పిన సిఫ్ట్ పద్ధతి (నెట్‌లో చూసినదాన్ని సరిచూసే నాలుగు మెట్లు) ఇంచుమించు ఇదే. చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సును కూడా ఇలాగే వెతికిస్తాను. పుస్తకం పేరు ఘనంగా ఉంటుంది, ఆ పుస్తకమే ఉండకపోవచ్చు.

ఏ సైటు చూపించాలన్నది కూడా ఆలోచించండి. కాలేజీలకు ఈ-పుస్తకాలు, పత్రికలు అందించే ఎన్‌-లిస్ట్‌కు కాలేజీ లాగిన్ కావాలి, కాబట్టి బయటివాళ్ళు చూసే పాఠంలో దాన్ని వాడితే సగం మంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. పరిశోధన గ్రంథాలుండే శోధగంగలోనూ, పాత పుస్తకాల స్కాన్లుండే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ చాలావరకు లాగిన్ లేకుండానే చదువుకోవచ్చు.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. మా స్టాక్ రూంలో పుస్తకాల అరల మధ్య ఫ్యాన్ ఆపేసి, ఫోన్ పట్టుకుని కూర్చుంటే గొంతు శుభ్రంగా వస్తుంది. అంత కాగితం ఉన్నచోట ప్రతిధ్వని ఎక్కడిది? చెమట సంగతి వేరే. స్క్రీన్ రికార్డు చేసేటప్పుడు మాత్రం మెసేజీలు రాకుండా ఆపండి. నా మొదటి టేకులో మా ఆడపడుచు "వదినా, ఉప్పుచేప తేనా" అని పెట్టిన మెసేజ్ శోధగంగ మీద తేలింది. ప్రతి వీడియో పక్కన అదే పాఠం రాతలో కూడా పెట్టండి. మోహన వైపు పిల్లలకు సిగ్నల్ అంతంతమాత్రం, వీడియో తిరుగుతూనే ఉంటుంది, రాత మాత్రం తెరుచుకుంటుంది.

ఇక లైసెన్సు. అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ కాదు. పక్కవాళ్ళు తీసుకుని, మార్చుకుని, మళ్ళీ పంచుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. నేను, ఇందుకోసం రెడీమేడ్ లైసెన్సులు తయారుచేసిన క్రియేటివ్ కామన్స్‌లో సీసీ బై వాడతాను, అంటే నా పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. 'ఎన్‌డీ' ఉన్న లైసెన్సు పెడితే మార్చినదాన్ని, అనువాదంతో సహా, పంచుకోకూడదు. ఒడియాలోకి, సొరలోకి వెళ్ళాల్సిన పాఠానికి అది సంకెల. 'ఎన్‌సీ' (వ్యాపారానికి వాడకూడదు) పెడితే ఫీజు తీసుకునే కాలేజీలో వాడొచ్చా లేదా అని టీచరుకు టెన్షన్. వికీపీడియా నుంచి పేరాలు తీసుకుంటే మాత్రం మన పాఠాన్ని కూడా 'షేర్ అలైక్' కిందే, అంటే అవే షరతులతో, ఇవ్వాలి.

బొమ్మల దగ్గర నేను దెబ్బతిన్నాను. ఏదో ట్రావెల్ సైటులో మహేంద్రగిరి ఫొటో అందంగా ఉందని తీసి పెట్టాను. నాది కానిదానికి నేను లైసెన్సు ఎలా ఇస్తాను? వీడియో మొత్తం మళ్ళీ చేశాను. ఇప్పుడు గిడుగువారి 1931 నాటి సవర భాషా మాన్యువల్ పేజీలు వాడుతున్నాను. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు, ఆయన పోయింది 1940లో, కాబట్టి గడువు ఎప్పుడో తీరింది.

ఎక్కించేటప్పుడు పీడీఎఫ్ ఒక్కటే పెట్టకండి, దాన్ని మార్చుకోవడం నరకం. స్లైడ్ల ఫైలు, స్క్రిప్టు కూడా కలిపి పెట్టండి. కాలేజీ వెబ్‌సైటు ఎప్పుడు పడుకుంటుందో దేవుడికే తెలుసు, అందుకని ఇంకో కాపీ పరిశోధన ఫైళ్ళు ఉచితంగా దాచే జెనోడోలోనో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో ఉంచండి. జెనోడోలో అయితే డీఓఐ నంబరు (ఫైలుకు శాశ్వత చిరునామా లాంటిది) కూడా వస్తుంది. పాఠం పైన చివరిసారి సరిచూసిన తేదీ వేయండి, సైట్ల ముఖాలు ఊరికే మారిపోతుంటాయి.

బయటికి వదిలే ముందు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి చూపించండి. మీరు నోరు విప్పకూడదు, అదే కష్టం. ఎక్కడ వెనక్కి తిప్పుతున్నారో, ఎక్కడ ఫోన్ పక్కన పెడుతున్నారో రాసుకోండి. నేను 'కీవర్డ్' అన్న ప్రతిచోటా ఒకబ్బాయి కీబోర్డు అనుకున్నాడు. ఆ మాట తీసేసి 'వెతుకుడు మాట' అని పెట్టాను.

రెండో పాఠాన్ని పాతపట్నంలో ఒక మేడమ్ తీసుకుని, వాళ్ళ పిల్లలకు తగ్గట్టు మార్చుకున్నారు. మార్చిన ఫైలు నాకూ పంపారు. కిమిడి, కిమెడి అన్నీ రాశారు గానీ 'ఖేముండి' అని దీర్ఘంతో రాసేది వదిలేశారండీ అని కింద ఒక ముక్క. దాన్ని మూడో గడిలో చేర్చి, పాఠం చివర ఆవిడ పేరు కూడా వేశాను.