పాత రేసు సైకిల్‌తో మొరం దారిలోకి

హనుమకొండ నుంచి ధర్మసాగర్ చెరువు వైపు తారు రోడ్డు మీద నా పాత రేసు సైకిల్ హాయిగా సాగేది. మొరం దారిలోకి దిగితే మాత్రం 27 అంగుళాల సన్నని టైర్లు కంకరలో జారేవి, మణికట్లు నొప్పెట్టేవి.

ఉక్కు ఫ్రేము గట్టిది, పారేయడానికి మనసొప్పలేదు. దానికి 700సీ అనే కాస్త చిన్న కొలత చక్రాలు వేయించాను. పాత రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు, కొత్తదానిపై 622. అంటే రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు ఇరుసు వైపు జరుగుతుంది. లావు టైరుకు చోటు దొరికింది ఆ తేడాలోనే. చిక్కు బ్రేకులతో వచ్చింది: రబ్బరు దిమ్మలు రిమ్మును వదిలి టైరును ఒరిశాయి! బ్రేకు చేతుల్లోని గాడిలో దిమ్మల్ని చివరిదాకా దించినా చాలలేదు. చేతులు పొడవైన బ్రేకులు బిగించాకే సరిగ్గా పట్టాయి. దయచేసి బ్రేకులు కొత్త రిమ్ముదాకా అందుతాయో లేదో చూసుకోకుండా చక్రాలు కొనకండి.

35 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఫ్రేముకు తగిలింది, 32 సరిపోయింది. ఇరువైపులా చిటికెన వేలి గోరు దూరేంత సందు ఉంది. వానాకాలం బురద అంటినా చక్రం తిరగాలి కదా. టైర్లలో గాలి ఒత్తిడి 90 పీఎస్ఐ నుంచి 55కు తగ్గించాను.

నిన్న తెల్లవారుజామున పత్తి చేల మధ్య గంటసేపు తొక్కాను. చేతులు తిమ్మిరెక్కలేదు.