పత్తి ట్రాక్టర్ని మూడు కెమెరాల్లో ఒకే నెంబర్‌తో పట్టుకునేది ఎట్లా

ఆదోని పక్కన ఒక జిన్నింగ్ మిల్లు. గేటు దగ్గర ఒక కెమెరా, కాటా దగ్గర ఒకటి, పత్తి దించే షెడ్డులో ఒకటి. ఒకదాంట్లో కనపడే జాగా ఇంకోదాంట్లో కనపడదు. గేట్లో 7 అని నెంబర్ ఇచ్చిన ట్రాక్టర్ కాటా మీదా, షెడ్డులోనూ 7 గానే రావాల, అంతే పని.

బండిని గుర్తుపట్టే ఏఐ మోడల్ జోలికి పోయేముందు కెమెరాల టైమ్ చూడండి. నేను రెండు రోజులు కోడ్‌ని తిట్టుకున్నాక తెలిసింది, కాటా కెమెరా గడియారం నిమిషం పైనే వెనకుండాదని, అంటే బండి గేట్లోకి రాకముందే కాటా ఎక్కినట్టు లెక్క. అన్నిటికీ ఒకే ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ మీద గడియారాల్ని ఒకే టైముకి తెచ్చేది) పెట్టేయండి.

తర్వాత కెమెరాకొక యోలో (ఫ్రేములో బండి ఎక్కడుందో బాక్స్ గీసి చూపే మోడల్), దాని వెనక బైట్‌ట్రాక్ (ఒక ఫ్రేములోని బాక్స్‌ని తర్వాతి ఫ్రేములోదానితో కలిపి అదే నెంబర్ నిలిపేది). బైట్‌ట్రాక్ తక్కువ స్కోరు వచ్చిన, అంటే యోలోకి అంత నమ్మకం లేని, బాక్సుల్ని కూడా పారేయకుండా వాడుకుంటది కాబట్టి బండి ఇంకో ట్రాలీ చాటుకు సగం పోయినా నెంబర్ అంత తొందరగా తెగదు. ఒక చిక్కు, యోలోకి మామూలుగా నేర్పే కోకో అనే ఫోటోల డేటాలో 80 రకాల వస్తువులుంటే అందులో ట్రాక్టర్ లేదు, లారీ అంటది లేకుంటే ఏమీ అనదు. మీ కెమెరాల్లోంచే కొన్ని వందల ఫోటోలు తీసి లేబుల్ చేసి నేర్పాల్సిందే.

ఇప్పుడు అసలు తంటా. బాక్స్‌లోని బొమ్మని ఓఎస్‌నెట్ లాంటి రీ-ఐడీ మోడల్‌కి (ఒక కెమెరాలో చూసినదాన్ని ఇంకోదాంట్లో గుర్తుపట్టేది) ఇస్తే ఆ బొమ్మ పోలికల్ని చెప్పే 512 అంకెలిస్తది, రెండు కెమెరాల అంకెల్ని కొసైన్‌తో (రెండూ ఎంత దగ్గరో చెప్పే లెక్క) పోల్చాల. నిండు ట్రాలీతో షెడ్డుకి పోయిన బండి ఖాళీగా మళ్ళీ కాటాకొస్తది కదా, పూర్తి బొమ్మ ఇస్తే అది వేరే బండే అనుకుంటది! అందుకే ఇంజన్ వరకే కత్తిరించి ఇయ్యండి, ఒక ఫ్రేమ్ కాదు, పది ఫ్రేముల అంకెల సగటు.

అట్లా చేసినా ఎర్ర ట్రాక్టర్లన్నీ ఒకటే మాదిరి. అక్కడ టైమే దిక్కు. గేటు నుంచి కాటాకి తక్కువలో తక్కువ ఎంతసేపు, క్యూ ఉంటే ఎంతసేపు అని ఒక పూట నిలబడి రాసుకోండి, ఆ గడువు దాటిన జతల్ని పోల్చనే వద్దు, మిగిలినవాటిని హంగేరియన్ పద్ధతితో (మొత్తం మీద బాగా కుదిరే జతల్ని ఎంచే లెక్క) ఒకదానికొకటి కట్టండి. స్కోరు అటూఇటూగా ఉంటే బలవంతంగా కలపకుండా రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి కాటా గుమాస్తాకి చూపించండి, ఆయన డ్రైవర్ టవల్ చూసి చెప్పేస్తాడు.