ఆయిల్ కూలర్ బిగించారా? ఘాట్ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ ఎండలు మొదలయ్యేసరికి టర్బో పెట్రోల్ కార్లున్నవాళ్ల మనసు ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ మీదికి పోతుంది. తప్పేం లేదు, నేనూ పెట్టించుకున్నవాణ్ణే. కానీ బిగించిన వారానికే శ్రీశైలం ఘాటో అరకు ఘాటో ఎక్కేద్దామనుకుంటే మాత్రం ఆగండి. కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్‌లో ఆయిల్ బయటికి రావడానికి దారులు తక్కువ. కూలర్ పెట్టగానే ఇంజిన్‌కీ ఫిల్టర్‌కీ మధ్య ఆయిల్‌ని కూలర్‌కి మళ్లించే ఒక శాండ్‌విచ్ ప్లేటు, రెండు హోస్‌లు, నాలుగు ఫిట్టింగులు, మీటరు కోసం సెన్సర్లు అని కొత్త దారులు మనమే తెరిచి పెడతాం. అందుకే ఆయిల్ కారినా, ప్రెషర్ పడినా ముందు ఆయిల్ పంపుని అనుమానించకండి, చివరిసారి చెయ్యి ఎక్కడ పెట్టారో అక్కడ చూడండి.

నా సంగతే చెప్తా. ఒక షెడ్డులో ప్లేటు వేయించాను. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు ప్యాకింగ్ ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది, ఎవరూ చూసుకోలేదు, దాని మీదే ప్లేటు ప్యాకింగ్ కూర్చోబెట్టి బిగించేశారు. ఐడిల్‌లో పది నిమిషాలు నడిపితే చుక్క కారలేదు. మెయిన్ రోడ్డెక్కి మూడు వేల ఆర్పీఎం దాటించానో లేదో, ప్రెషర్‌కి ప్యాకింగ్ పక్కకి తన్నేసింది. అద్దంలో వెనకాల రోడ్డు మీద నల్లటి చార కనిపించి వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్ దక్కింది. అప్పట్నుంచి ఎవరు బిగించినా సరే, ఇంజిన్ మీద ఫిల్టర్ ఆనే ముఖాన్ని గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాకే ప్లేటు పెట్టనిస్తాను.

తర్వాతది థ్రెడ్ల గొడవ, అదే స్క్రూ మరలది. ఫిల్టర్‌ని బిగించే స్టడ్డు కొన్ని కార్లకి ఎం20×1.5 (20 మిల్లీల లావు, మరకీ మరకీ మధ్య 1.5 మిల్లీలు), కొన్నిటికి ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీలు. చూడ్డానికి రెండూ ఒకటే. 20 మిల్లీల నట్టులోకి ముప్పావు అంగుళం స్టడ్డు వదులుగా దూరిపోయి బిగిసినట్టే నటిస్తుంది, ప్రెషర్ వచ్చాక అసలు రంగు బయటపడుతుంది. సెన్సర్లదీ ఇదే కథ. బయట దొరికే మీటర్ల సెన్సర్లు చాలావరకు 1/8 ఎన్‌పీటీ అనే అమెరికన్ కొలత, అంగుళానికి 27 మరలు. జపాన్ ఇంజిన్లలో ఎక్కువగా ఉండేది 1/8 బీఎస్‌పీటీ అనే బ్రిటిష్ కొలత, అంగుళానికి 28. రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి ఆగిపోతుంది, అప్పుడు మన మెకానిక్ పానాకి పైపు తగిలించి తిప్పుతాడు, అంతే సంగతులు. అల్యూమినియం పగిలితే ఎం-సీల్ పెట్టి నెట్టుకొచ్చే పని కాదు అది.

హోస్ ఫిట్టింగులకి ప్లంబర్ తెల్ల టేపు చుట్టనివ్వకండి. ఏఎన్ రకం ఫిట్టింగుల్లో ఆయిల్‌ని ఆపేది 37 డిగ్రీల కోణంలో ఆనుకునే లోహపు ముఖం, మరలు కాదు. టేపు ముక్కలు ఊడి ఆయిల్ దారుల్లో చేరితే అదొక కొత్త తలనొప్పి. ఒకే వైరున్న సెన్సర్‌కి ఎర్త్ మరల ద్వారానే అందుతుంది, దానికీ టేపు చుట్టేసి "మీటరు తప్పు చూపిస్తోంది" అని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఇక స్టీలు జాలీ హోస్ దేనికైనా రాసుకుంటే రంపంలా కోస్తుంది, బంపర్ దగ్గర, బెల్టు దగ్గర క్లిప్పులేసి కదలకుండా కట్టించండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు తొందరపడొద్దు. పెట్రోల్ బండైతే ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేసి, పదేసి సెకన్ల చొప్పున మధ్యలో గ్యాప్ ఇస్తూ సెల్ఫ్ కొట్టండి, ప్రెషర్ కనిపించాక ఫ్యూజు పెట్టండి. స్టార్టయ్యాక కొన్ని సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయండి, రేస్ చేసి చూద్దాం అనుకోవద్దు. కూలర్, హోస్‌లు కలిసి అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతాయి కాబట్టి ఆపి కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసి టాప్ అప్ చేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగలేదు కదా అని ధీమాగా ఉండకండి. అది చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ మధ్య పడిపోతే గానీ వెలగదు. మూడు వేల ఆర్పీఎంలో 0.7 బార్ ఉన్నా లైటు ఆరిపోయే ఉంటుంది, లోపల బేరింగులు మాత్రం ఏడుస్తుంటాయి. పాత లెక్క ఒకటుంది, ప్రతి వెయ్యి ఆర్పీఎంకి 10 పీఎస్ఐ, అంటే దాదాపు 0.7 బార్. చాలా కొత్త ఇంజిన్లలో ప్రెషర్ మార్చుకునే పంపులుంటాయి కాబట్టి వాటికి సర్వీస్ మాన్యువల్ అంకెలే చూడండి. ముల్లు టక్కున సున్నాకి పడి టక్కున లేస్తుంటే వైరో ఎర్తో కావొచ్చు, అయినా అది తేలేదాకా ఇంజిన్ ఆపే ఉంచండి, మామూలు మెకానికల్ గేజ్ తగిలించి సరిచూడండి. మలుపుల్లో మాత్రమే పడిపోతుంటే ఆయిల్ తక్కువై, పంపుకి ఆయిల్ లాగే పికప్ పైపు గాలి పీలుస్తోందేమో చూడాలి. వేడెక్కేకొద్దీ మెల్లగా మామూలుకన్నా దిగిపోతుంటే ఆయిల్‌లో పెట్రోల్ కలిసి పల్చబడిందేమో వాసన చూడండి. దీనికి 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోసేసే తెలివి ఒకటి షెడ్లలో నడుస్తుంది, దాంతో ముల్లు లేస్తుంది, జబ్బు అలాగే ఉంటుంది.

లీకు వెతకడానికి ఇంజిన్ బాగా కడిగి, ఆరాక అనుమానమున్న చోటల్లా పౌడర్ చల్లండి. మొహానికి రాసుకునేదే చాలు. ఓ పది కిలోమీటర్లు తిప్పి చూస్తే తడి చార తెలిసిపోతుంది. ఆయిల్ కిందికీ, గాలికి వెనక్కీ పాకుతుంది కాబట్టి అన్నిటికన్నా పైన తడి ఎక్కడుందో అదే మూలం. ట్యాపెట్ కవర్ నుంచి కారుతుంటే పాపం కింద ఆయిల్ నిలిచే చాంబర్‌ని విప్పేస్తారు. చాంబర్ విప్పితే మళ్లీ అనాబాండ్ గమ్ము ధారాళంగా పూస్తారు, లోపలికి పొంగిన ముక్కలు ఊడి పికప్ జాలీకి అడ్డం పడతాయి, అప్పుడు ప్రెషర్ నిజంగానే పోతుంది. ఇంజిన్ లోపలి గాలిలోని ఆయిల్ ఆవిరిని పట్టే క్యాచ్ క్యాన్ కూడా పెట్టించి ఉంటే దాని పైపు నలిగిందేమో చూడండి, లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే మంచి సీళ్లు కూడా కక్కేస్తాయి.

టర్బో మీదో సైలెన్సర్ పైపు మీదో చుక్క పడుతుంటే మాత్రం ఇంటిదాకా మెల్లగా పోదాం అనుకోవద్దు, కారు అంటుకుంటుంది.

ఊరు చుట్టూ ఓ రెండు మూడొందల కిలోమీటర్లు తిప్పి, రోజూ పొద్దున్నే కింద పరిచిన అట్టముక్క చూసుకుని, అది పొడిగా ఉంటేనే ఘాట్‌కి బయల్దేరండి. డిక్కీలో రెండు లీటర్ల ఆయిల్, మీ ఇంజిన్‌కి సరిపోయే కొత్త ఫిల్టర్, ప్లేటు నడి బోల్టుకి పట్టే పానా పడేసుకోండి. బయట బిగించే ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌లో కూలర్ దారిలో మొరాయిస్తే, చల్లారాక ప్లేటు విప్పేసి ఫిల్టర్‌ని నేరుగా ఇంజిన్‌కే బిగించి ఇంటికి రావచ్చు. ప్లేటుతో పాటు అసలు స్టడ్డు మార్చి ఉంటే ఆ పాతది కూడా డిక్కీలోనే ఉండాలి, షెడ్డులో వదిలేసి రాకండి.