ఫ్రీజర్‌లో మంచు ఆగకుండా పేరుకుపోతోందా? నా ఫ్రిజ్‌కి ఇలా తగ్గింది

మాది పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గర, ఇంట్లో చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్. డీఫ్రాస్ట్ చేసిన మూడో రోజుకే ఫ్రీజర్‌లో రెండు వేళ్ల మందాన మంచు, కింద కూరగాయల ట్రేలో నీళ్లు, కొత్తిమీర కుళ్లిపోయేది. థర్మోస్టాట్ తగ్గించా, ఫ్రిజ్ గోడకి దూరంగా జరిపా, మెకానిక్ గ్యాస్ అన్నాడు, ఏదీ పనిచేయలేదు.

చివరికి పది రూపాయల నోటు డోర్‌లో పెట్టి మూసి లాగి చూశా, చుట్టూ గట్టిగానే పట్టుకుంది గానీ కింద హింజ్ వైపు మూల మాత్రం సులువుగా జారి వచ్చేసింది, అంటే అక్కడ నుంచి మన వైజాగ్ ఉక్క గాలి లోపలికి పోయి మంచు అవుతోందన్నమాట.

ముందు ప్లగ్ తీసేసి మంచంతా దానంతట అదే కరగనిచ్చా (దయచేసి చాకుతో పొడవొద్దు, ఫ్రీజర్‌కి చిల్లు పడితే గ్యాస్ పోతుంది). డోర్ రబ్బరు మడతల్లో నల్లటి బూజు, చింతపండు జిగురు, అదంతా గోరువెచ్చని సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో తీసి పొడిగా తుడిచా. తర్వాత ఆ మూలని హెయిర్ డ్రయ్యర్‌తో జానెడు దూరం నుంచి రెండు నిమిషాలు వేడి చేసి, మెత్తబడ్డాక వేళ్లతో బయటికి లాగి, డోర్ మూసి రాత్రంతా టేపు వేసి ఉంచా. పొద్దున్న నోటు కదల్లేదు.

నెలన్నర అయింది, మంచు పల్చటి పొరే. రబ్బరు చిరిగిపోయుంటే మాత్రం ఇది పనిచేయదనుకుంటా, కొత్తది వేయించాల్సిందే.